సంతలో కనిపించని పాత్ర

ఏజెన్సీ జీవితం మీద తెలుగులో వచ్చిన కథలను ఒకచోట పేర్చి చూస్తే మూడు పాత్రలు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. ఒకడు అప్పు పుస్తకం చంకన పెట్టుకున్న మైదానపు షావుకారు. రెండోవాడు ఫారెస్టు గార్డు. మూడోవాడు సారా కంట్రాక్టరు. ఈ ముగ్గురినీ మన రచయితలు బాగా ఎరుగుదురు. వాళ్ల నడక, మాటతీరు, తూకంలో చేసే మోసం, ఆదివాసిని పిలిచే పిలుపులోని చులకన అన్నీ కథల్లోకి ఎక్కాయి. భూషణం 'కొండగాలి' నాటినుంచి మొన్నమొన్నటి సంకలనాల దాకా ఆ పరంపర సాగుతూనే వుంది. శ్రీకాకుళ గిరిజన పోరాటం ఈ పాత్రలను సాహిత్యానికి అందించింది, ఆ సాహిత్యం తన వంతు పని తాను చేసింది. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఇవాళ అరకు, పాడేరు, ముంచంగిపుట్టు సంతల్లో ఆదివాసి కష్టార్జితాన్నీ, దానితోపాటు అతని ఆరోగ్యాన్నీ పట్టుకుపోతున్న నాలుగో పాత్ర ఒకటి వుంది. మన కథల్లో దానికి చోటు దొరకలేదు. దానికి మీసాలు లేవు, అప్పు పుస్తకం లేదు. అది సంతకు రాదు, దాని పొట్లం వస్తుంది. ఆ పాత్ర పేరు కంపెనీ.

గత పదేళ్లలో ఏజెన్సీ ఇతివృత్తంగా వచ్చిన కథలు దొరికినన్ని చదివాను. రోగం ప్రస్తావన లేని కథ అరుదు. డోలీ మోత, నెత్తురు లేని బాలింత, వానాకాలపు వాంతులు, విరేచనాలు, మన్యం జ్వరం అన్నీ వున్నాయి. కాని ఈ రోగానికి కారణమేమిటని కథను నిలదీస్తే రెండే జవాబులు వస్తాయి. ఒకటి, ఊరికి రోడ్డు లేకపోవడం. రెండు, ఆదివాసి అజ్ఞానం, తాగుడు. మొదటిది నిజమే, రోడ్డు పడితే అంబులెన్సు వస్తుంది. కాని ఆ రోడ్డు మీద అంబులెన్సు కంటే ముందు ఏ బండి వస్తుందో చూసిన కథకుడు నాకు ఇంతవరకు కనబడలేదు. చిరుతిళ్ల పొట్లాలు, శీతల పానీయాల సీసాలు వేసుకుని వచ్చే వ్యాను ఘాట్ రోడ్డుకు ఎన్నడూ భయపడదు. రెండో జవాబు మరీ ప్రమాదకరమైనది. రోగాన్ని అలవాటుగా, అలవాటును గుణంగా చూపి, చివరకు నేరాన్ని రోగి మీదనే మోపుతుంది. అభ్యుదయ రచయిత అన్నవాడు ఈ మాట అనకూడదు. అయినా తెలియకుండానే అంటున్నాడు.

వైద్యులు ఈ విషయంలో మనకంటే ముందున్నారు. 2023లో 'లాన్సెట్' వైద్యపత్రిక వ్యాపారానికీ ప్రజారోగ్యానికీ గల సంబంధం మీద ఒక వ్యాస పరంపర ప్రచురించింది. పొగాకు, మద్యం, కార్ఖానాల్లో అతిగా శుద్ధిచేసి తయారుచేసే తిండి, బొగ్గు-చమురు ఇంధనాలు, ఈ నాలుగు పరిశ్రమలే ప్రపంచంలోని మరణాల్లో కనీసం మూడోవంతుకు కారణమని అందులో లెక్క తేల్చారు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు దేశంలోని మొత్తం రోగభారంలో 56.4 శాతానికి సరిలేని తిండి కారణమని చెప్పాయి. అంటే రోగానికి కారణం మనిషి నోటి దగ్గర మాత్రమే లేదు. ఆ నోటిదాకా వస్తువును నడిపించిన వ్యవస్థ దగ్గర కూడా వుంది. వైద్యుడు అంకెల్లో చెప్పిన దాన్ని రచయిత పాత్రలో చెప్పాలి. ఆ పని జరగలేదన్నదే నా ఫిర్యాదు.

కొండకు ఈ వ్యవహారం కొత్తది కాదు. 1879 నాటి రంప పితూరీకి దగ్గరి కారణాలలో చిగురుపన్ను ఒకటి. కల్లు హక్కును కంట్రాక్టర్ల పరం చేసిన తర్వాత తన చెట్టు నుంచి తన ఇంటికి కల్లు దించుకోవడం కొండవాడికి నేరమైంది. అంతవరకు తాను గీసుకుని తాగినదాన్ని ఇకమీద కొనుక్కుని తాగాలి. ఆ తిరుగుబాటుకు కారం తమ్మన్నదొర నాయకుడని మన చరిత్ర పాఠాల్లో చెబుతాం. అది తాగుడు కోసం జరిగిన తిరుగుబాటు కాదనీ, తయారుచేసుకునే మనిషిని కొనుక్కునే మనిషిగా మార్చడం మీద జరిగిన తిరుగుబాటనీ చెప్పం. నా దృష్టిలో మన్యంలో ఆరోగ్యం మీద జరిగిన తొలి రాజకీయ పోరాటాల్లో అదొకటి.

వందేళ్ల తర్వాత అదే పని పొట్లం రూపంలో వచ్చింది. 1980లలో రాష్ట్ర ప్రభుత్వం సారాను పాలితిన్ పొట్లాల్లో నింపి పల్లె పల్లెకూ చేర్చింది. ఆ పథకానికి పెట్టిన పేరు 'వారుణి వాహిని'. తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి కనుక ఆ పేరు దగ్గర ఆగకుండా వుండలేను. వారుణి సముద్రమథనంలో పుట్టిన సురాధిదేవత. వాహిని అంటే ప్రవాహం, సేన అని కూడా అర్థం. సారా పొట్లానికి ఇంత కమ్మని కావ్యనామం పెట్టినవాడు ఎవరో గాని సంస్కృతం బాగా చదువుకున్నవాడు. సాహిత్యం తెలిసినవాడే ఎక్కడో కూర్చుని ఆ పేరు కట్టి వుంటాడు. ఇక్కడే మన వృత్తికీ ఈ వ్యాపారానికీ గల బంధుత్వం బయటపడుతుంది. పొట్లంలో వున్నది ఏదైనా పొట్లం మీద వున్నది మాట. మాటలు కట్టేవాళ్లం మనం.

ఈ బంధుత్వాన్ని అందరికంటే ముందు గుర్తించినవాడు గురజాడ. 'కన్యాశుల్కం' గురించి మన విమర్శకులు వేల పేజీలు రాశారు. గిరీశాన్ని ఆషాఢభూతి అన్నారు, సంస్కరణవాదపు వికృత రూపమన్నారు. అన్నీ ఒప్పే. కాని గిరీశం తెలుగు సాహిత్యంలో మొట్టమొదటి ప్రకటనల రచయిత అన్న సంగతి మీద చర్చ జరగాలి. వెంకటేశం తాను ఆయన దగ్గర నేర్చింది చుట్ట కాల్చడమేనని నిష్ఠూరమాడతాడు. అప్పుడు గిరీశం ఏం చేస్తాడు? చుట్టను సమర్థించడానికి పురాణం తెస్తాడు. పొగాకుకు అమృతంతో చుట్టరికం కలుపుతాడు, తాగనివాడికి నీచజన్మ రాసిపెడతాడు. ఒక కుర్రవాడు, ఒక హానికరమైన వస్తువు, మధ్యలో నోరు తిరిగిన ఒక పెద్దమనిషి చెప్పిన అందమైన అబద్ధం. ఇవాళ్టి ప్రకటనకు కావలసిన సరంజామా అంతా అందులోనే వుంది. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన నాటకం ఇది. అప్పటికి గిరీశం ఒక్కడు, శిష్యుడు ఒక్కడు. ఇప్పుడు గిరీశానికి జీతం ఇచ్చే కంపెనీ వుంది, తెర మీద నటించే సినిమా హీరో వున్నాడు, శిష్యుడు కొండమీద ప్రతి ఇంట్లోనూ వున్నాడు.

పొగాకుకూ మద్యానికీ టీవీ ప్రకటనలు చట్టరీత్యా నిషిద్ధం. అయితే అదే పేరుతో సోడా ప్రకటన వస్తుంది, అదే పేరుతో యాలకుల ప్రకటన వస్తుంది. గుట్కాను నిషేధిస్తూ 2013లో మన రాష్ట్రంలో ఉత్తర్వులు వచ్చాయి. వెంటనే వక్కపొడి ఒక పొట్లంగా, పొగాకు మరో పొట్లంగా విడిపోయి పక్కపక్కనే వేలాడాయి. కొన్నవాడు రెండింటినీ అరచేతిలో కలుపుకుంటాడు. అలంకారశాస్త్రంలో శబ్దం ఒకటి చెబుతూ అర్థం మరొకటి స్ఫురింపజేయడాన్ని ధ్వని అన్నారు. ఆనందవర్ధనుడి సిద్ధాంతాన్ని ఇంత శ్రద్ధగా ఆచరిస్తున్నవాళ్లు మన కవుల్లో కూడా లేరు.

ఇప్పుడు పొట్లాన్నే ఒక రచనగా చదువుదాం. హాస్యానికి అనడం లేదు. మా వైపు ఊళ్లలో అన్నిటికంటే ఎక్కువమంది చేతుల్లోకి వెళ్లే అచ్చుకాగితం పాఠ్యపుస్తకం కాదు, పత్రిక కాదు, పొట్లమే. దాని ముందువైపు, వెనకవైపు రెండు వేర్వేరు భాషలు. ముందువైపు బొమ్మ, రంగు, పేరు, వీలైతే తెలుగులో ఒక ఊరించే మాట. వెనకవైపు లోపల ఏముందో చెప్పే చిన్న అక్షరాలు, ఇంగ్లీషులో. ఆహార భద్రత నిబంధనల ప్రకారం ఆ వివరాలు ఇంగ్లీషులో గాని, దేవనాగరిలో హిందీలో గాని వుండాలి. ఇతర భాషల్లో అదనంగా వేసుకోవచ్చు, వేయకపోయినా తప్పు లేదు. తెలుగుకే దిక్కులేనిచోట కువికి, పోర్జకు, ఆదివాసి ఒడియాకు దిక్కెక్కడిది? ఆశ మన భాషలో వుంటుంది, నిజం మనకు రాని భాషలో వుంటుంది. షావుకారు తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకోవడానికీ దీనికీ తేడా ఏమిటో నాకు బోధపడలేదు.

మా తొమ్మిదో తరగతి పిల్లలకు అనువాదం పాఠం చెబుతూ ఒకసారి ఇదే పని ఇచ్చాను. బడి ఎదుటి బడ్డీకొట్టు ముందు దండలుగా వేలాడే పొట్లాల్లోంచి తలా ఒకటి తెచ్చి, వెనకవైపు వున్నది తెలుగులోకి, ఆపైన తమ ఇంటి భాషలోకి మార్చమన్నాను. పదార్థాలను బరువును బట్టి ఎక్కువనుంచి తక్కువకు వరసగా రాయాలన్నది నిబంధన. ఆ ఒక్క సూత్రం చెప్పగానే పిల్లలకు వ్యాకరణం పట్టుబడింది. మొదటి మాట మైదా, రెండోది పామాయిలు లేక చక్కెర. ముందువైపు బొమ్మలో నవనవలాడే పండు, వెనక వరసలో ఆ పండు ఎక్కడో చివర. కొన్నిటిలో అసలు లేదు. 'నేచర్ ఐడెంటికల్ ఫ్లేవర్' అన్న మాట దగ్గర క్లాసంతా ఆగిపోయింది. ప్రకృతిసిద్ధమైన దానితో సరిసమానమైన రుచి అని నేను చెప్పబోయాను. ఒక అమ్మాయి అప్పటికే రాసేసింది: 'పనసలా నటించేది'. ఆ మాట నా దగ్గరున్న నిఘంటువుల్లో లేదు, అయినా అంతకంటే సరైన అనువాదం నాకు తెలియదు.

మరో సంగతి కూడా పిల్లలే పట్టుకున్నారు. అయిదు రూపాయల పొట్లం ఎప్పుడూ అయిదు రూపాయలే. లోపలి బరువు మాత్రం ఏడాదికేడాది కరుగుతుంది. మన కథల్లో షావుకారు తూకంలో మోసం చేస్తే కథానాయకుడు కాటా విరగ్గొట్టాడు, పాఠకుడు చప్పట్లు కొట్టాడు. ఇక్కడ విరగ్గొట్టడానికి కాటా ఏది? తగ్గించిన బరువు గ్రాములతో సహా పొట్లం మీదనే అచ్చువేసి వుంటుంది, పూర్తి చట్టబద్ధంగా. మోసం రహస్యంగా జరిగినప్పుడు దాన్ని బయటపెట్టే శిల్పం మనకు చేతనవును. బహిరంగంగా, అచ్చులో, చట్టం సంతకంతో జరిగేదాన్ని రాసే శిల్పం మనకింకా చేతకాలేదు.

మాటను దొంగిలించడం ఎంతదూరం పోగలదో తెలియాలంటే ఓఆర్‌ఎస్ కథ చూడాలి. విరేచనాలతో ప్రాణం పోతున్న బిడ్డకు ఉప్పు, గ్లూకోజు సరైన పాళ్లలో కలిపిన నీళ్లు తాగిస్తే చాలునని 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, బన్‌గావ్ దగ్గర, డాక్టర్ దిలీప్ మహలనోబిస్ చేసి చూపించారు. గత శతాబ్దపు గొప్ప వైద్య విజయాల్లో అదొకటి, అన్నిటికంటే చవకైనది కూడా. పొట్లం దొరక్కపోతే లీటరు కాచిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి ఇంట్లోనే చేసుకోవచ్చు. ఈ ముక్కను ఊరూరా చెప్పడానికి ఆరోగ్య కార్యకర్తలు ఎన్ని కొండలెక్కారో మా వైపు మనుషులకు తెలుసు. వానాకాలం వచ్చిందంటే గెడ్డ నీళ్లు, ఊటనీళ్లు తాగే ఊళ్లలో ఆ మూడక్షరాలు మంత్రంలా పనిచేశాయి. చదువురాని తల్లి కూడా ఆ మాట పలకడం నేర్చుకుంది.

అలా ప్రజలు కష్టపడి నేర్చుకున్న మాటను కంపెనీలు తమ తీపి పానీయాల పేర్లకు తగిలించుకున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు. ఈ డబ్బాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు. విరేచనాల్లో అంత చక్కెర పోస్తే పేగు మరింత నీటిని లాగుతుంది, రోగం ముదురుతుంది. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిమీద ఏళ్ల తరబడి ఒంటరిగా పోరాడారు. 2022లో ఆహార భద్రతా సంస్థ ముందు ఆ పేరు వాడరాదంది. అదే ఏడాది మళ్లీ మెత్తబడి, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఓఆర్‌ఎస్ కాదన్న హెచ్చరిక వేస్తే చాలు, వాడుకోవచ్చంది. మళ్లీ ఆ హెచ్చరిక ఏ అక్షరాల్లో, ఏ భాషలో? చివరకు 2025 అక్టోబరులో ఆ అనుమతిని రద్దుచేసి, సూత్రానికి సరిపడని ఏ పానీయం మీదా ఆ మాట వుండరాదని ఆదేశించింది. అంటే మూడక్షరాల అర్థం కాపాడడానికి ఒక వైద్యురాలికి అన్నేళ్లు పట్టింది. పదార్థం గురించిన పోరాటం కాదది, పదం గురించిన పోరాటం. మాటకు అర్థాన్ని కాపాడే బాధ్యత ఎవరిదని మన సభల్లో ఎంతో గంభీరంగా మాట్లాడుకుంటాం. ఆ అన్నేళ్లలో ఈ మాట గురించి మన పత్రికల్లో ఒక్క కథ, ఒక్క కవిత వచ్చినట్టు నాకు గుర్తు లేదు.

మాటకు ఆ శక్తి లేదని నిరాశపడేవారికి నెల్లూరు జిల్లా చాలు. అక్షరాస్యతా ఉద్యమం వాచకంలో 'సీతమ్మ కథ' అని ఒక చిన్న పాఠం. తాగుబోతు మొగుడి చేతిలో నలిగిన ఆడదాని కథ. అది చదువుకున్న ఆడవాళ్లు మన ఊళ్లోనూ ఇదే కదా అనుకున్నారు. దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటివాళ్లు సారా దుకాణం మూయించారు. 1992లో ఆ ఉద్యమం రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఆ రెండోది 1997లో పోయింది, ఖజానా లెక్క గెలిచింది. 2024 అక్టోబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో 180 మిల్లీలీటర్ల సీసా 99 రూపాయలకు దొరుకుతోంది. అది వేరే కథ. ఇక్కడ చెప్పదలచింది ఒక్కటే. ఆ వాచకం రాసినవాళ్ల పేర్లు సాహిత్య చరిత్రల్లో కనబడవు. శిల్పం గురించి మనం చేసే చర్చల్లో ఆ పాఠానికి చోటే లేదు. ప్రభుత్వ ఆదాయాన్నే కదిలించిన రచన మరొకటి ఇటీవలి తెలుగులో ఏది?

ఇంతవరకు చదివిన వారిలో కొందరు ఒక అభ్యంతరం లేవనెత్తుతారు. ఆదివాసులు కంపెనీ రాకముందు తాగలేదా? జీలుగు కల్లు, ఇప్పసారా వాళ్లవి కావా? అడ్డపొగ ఎవరు నేర్పారు? న్యాయమైన ప్రశ్నే. ముఖ్యంగా అడ్డపొగ. నిప్పు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అలవాటు ఉత్తరాంధ్ర ఆడవాళ్లలో కంపెనీ ప్రమేయం లేకుండానే తరతరాలుగా వుంది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తుల నోళ్లు పరీక్షించి, అంగుట్లో వచ్చే మచ్చలకు, పుండ్లకు దీనితో గల సంబంధాన్ని వైద్య పరిశోధకులు 1971లోనే ప్రకటించారు. మన కథల్లో అడ్డపొగ ఎలా వస్తుంది? ముసలమ్మ పాత్రకు ప్రాంతీయమైన రంగు పూయడానికి. వింతగా, ముచ్చటగా. వైద్యులు పదివేల నోళ్లు తెరిచి చూశారు, మనం ఒక్క నోరు కూడా తెరిచి చూడలేదు. కనుక హాని అంతా కంపెనీతోనే పుట్టిందని నేను అనను. కొండను స్వర్గంగా, పాత ఆచారాన్ని అమృతంగా చిత్రించే రచన కూడా గిరీశం పద్యం వంటిదే.

అయినా తేడా వుంది. జీలుగు కల్లుకు ఋతువుంది. చెట్టు ఇచ్చినంతే ఇస్తుంది, పొద్దున దించినది సాయంత్రానికి పులుస్తుంది, నిలవ చేసి నాలుగూళ్లు పంపడం కుదరదు. ఇటుకల పండగకో, కొర్రకొత్తకో నలుగురు కూర్చుని తాగుతారు, చెట్టున్నవాడు పోస్తాడు. హాని లేదని కాదు, ఆ హానికి ప్రకృతీ సంఘమూ కట్టిన గట్టు వుంది. పొట్లానికి ఋతువు లేదు. అది పులవదు. అది ఒంటరివాడి కోసం తయారైంది. అమ్మకం ప్రతి ఏడూ పెరగకపోతే దాని యజమాని ఊరుకోడు. ఆచారం తృప్తితో ఆగుతుంది. వ్యాపారానికి తృప్తి నష్టం.

తిండి సంగతి మరింత చిక్కు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి నెలల్లో మామిడి టెంకల పిండితో అంబలి కాచుకున్న ఇళ్లకు అది పెద్ద ఆదరువు, దాన్ని వెక్కిరించే హక్కు కడుపు నిండిన విమర్శకుడికి లేదు. అయితే బియ్యంతోపాటు చోళ్లు, సామలు వెనక్కి పోయాయి. జావ తాగడం పేదరికానికి గుర్తయింది. ఆ ఖాళీ చేసిన చోటులోకే పొట్లం దర్జాగా వచ్చి కూర్చుంది. ఇక 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించాక చూడండి విచిత్రం. చోళ్లు ఘాట్ దిగి పట్నం వెళ్లి, బొమ్మ తొడుక్కుని బిస్కెట్టుగా తిరిగి కొండెక్కుతున్నాయి. కొన్ని పొట్లాల వెనక చదివితే మొదటి పదార్థం ఇంకా మైదాయే! అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పారిస్‌లో దాని పేరిట దుకాణం కూడా వెలిసింది. సంతోషమే. ఆ గింజ కోసిన చేతుల్లోకి సంతలో తిరిగి వచ్చేది మాత్రం చక్కెర ఎక్కువైన పొడి, చిన్న పొట్లంలో.

చంటిపిల్లల తిండి విషయంలో ఈ రెండు కొలతల నీతికి లిఖితపూర్వకమైన సాక్ష్యమే దొరికింది. స్విట్జర్లాండ్‌కు చెందిన పబ్లిక్ ఐ అనే సంస్థ 2024లో నెస్లే వారి సెరిలాక్‌ను దేశదేశాల్లో పరీక్ష చేయించింది. భారతదేశంలో అమ్మే వాటిలో ఒక్కో మోతాదుకు సగటున దాదాపు 3 గ్రాముల అదనపు చక్కెర కనబడిందనీ, సొంతగడ్డ మీద అమ్మే అలాంటి సరుకులో అది లేదనీ ప్రకటించింది. ఏ దేశపు నిబంధనలకు ఆ దేశంలో లోబడే వున్నామన్నది కంపెనీ జవాబు. ఆ జవాబులో అబద్ధం లేకపోవచ్చు. అందుకే అది భయంకరం.

సరే, రచయిత ఏం చేయాలి? నినాదం రాయమని నేను చెప్పడం లేదు. కంపెనీ పొట్లాన్ని తగలబెట్టే ముగింపుతో ఒక కథ రాస్తే అది కాటా విరగ్గొట్టిన కథకు నకలవుతుంది. ముఖం లేని శక్తిని పాత్ర చేయడం ఎలాగన్నది రూపానికి సంబంధించిన ప్రశ్న. దానికి మన సాహిత్యంలోనే దారులున్నాయి. కాళీపట్నం రామారావు 'యజ్ఞం' చూడండి. అందులో శ్రీరాములునాయుడు దుర్మార్గుడు కాడు. ఊరికి మేలు కోరే పెద్దమనిషి. ఊరికి రోడ్డు, బడి, అభివృద్ధి అన్నీ వస్తాయి. అయినా అప్పల్రాముడి ఇల్లు ఎందుకు కూలిందో కథ పూర్తయ్యేసరికి మనకు తెలుస్తుంది. ఏ ఒక్కడి చెడ్డతనం మీదా నెట్టకుండా మొత్తం లెక్క చూపించాడాయన. విలన్ లేకుండానే నేరాన్ని రుజువుచేయడం ఆ కథ గొప్పతనం.

రావిశాస్త్రి మరో దారి చూపాడు. 'ఆరు సారా కథలు'లో మద్యనిషేధ చట్టం ఒక నైతిక ఆదర్శంగా కాక ఒక సంతగా కనబడుతుంది. సారా అమ్మే పేదరాలు, పోలీసు, ప్లీడరు, కోర్టు, ఎవరి వాటా వారిది. 'మాయ'లో ముత్యాలమ్మ నోట కుర్ర ప్లీడరుకు జ్ఞానోదయం అవుతుంది. ఆ కథల్లో ఆయన సీసాతోపాటు ప్రయాణం చేశాడు. ఎక్కడ పుట్టింది, ఎన్ని చేతులు మారింది, ఏ చేతికి ఎంత మిగిలింది అని చూశాడు. ఇవాళ పొట్లంతోపాటు ప్రయాణం చేసే కథకుడు కావాలి.

ఆ ప్రయాణంలో అతనికి ఎదురయ్యే మనిషి ఎవరో నాకు తెలుసు. మా బడిలో చదివి, పట్నంలో డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగం రాక ఒక డీలరు దగ్గర సేల్స్ కుర్రాడిగా చేరినవాడు. మోటారుసైకిలు మీద రెండు వైపులా సంచులు కట్టుకుని బడ్డీకొట్లన్నీ తిరుగుతాడు. అతని ఫోనులో ఏ కొట్లో ఈ వారం ఎన్ని దండలు పోయాయో వుంటుంది. దండను పిల్లవాడి కంటికి ఎదురుగా, చేతికి అందేలా కట్టాలని అతనికి శిక్షణలో నేర్పారు. తల్లి భాషలో మాట్లాడి కొట్టు అవ్వను ఒప్పించగలడు కనుకనే ఆ ఉద్యోగం అతనికి దొరికింది. నెలాఖరుకు టార్గెట్ నిండకపోతే జీతంలో కోత. పండగలో థింసా జరిగితే పాట కట్టేదీ అతనే. వాళ్ల నాన్నకు చక్కెర జబ్బు, మందులకు డబ్బు పంపేది ఈ జీతంలోంచే. ఇతన్ని షావుకారు ఏజెంటు అందామా, బాధితుడు అందామా? ముత్యాలమ్మను రావిశాస్త్రి ఏమన్నాడు? ఏమీ అనలేదు, మాట్లాడనిచ్చాడు.

ఈ కుర్రాడి కథను మైదానం నుంచి వెళ్లిన మాలాంటి మాస్టర్ల కంటే కొండమీద పుట్టినవాళ్లే బాగా రాయగలరు. మల్లిపురం జగదీశ్ వంటివారు లోపలినుంచి రాయడం మొదలుపెట్టి చాలాకాలమైంది. వారి వెనక మరింత చిన్నవాళ్లు వస్తున్నారు. వాళ్లు రాసి పంపినప్పుడు మనం ఎలా చదువుతామన్నదే నా బెంగ. ఈమధ్య ఒక కథల పోటీ న్యాయనిర్ణేతల అభిప్రాయాలు చదివే అవకాశం దొరికింది. పాడేరు వైపునుంచి వచ్చిన ఒక కథలో బడ్డీకొట్టు నడిపే విధవరాలు, పళ్లు పుచ్చిపోయిన ఆమె మనవడు, నెలనెలా సరుకు తెచ్చే కుర్రాడు, అంతే. పోట్లాట లేదు, తిరుగుబాటు లేదు. ఆమె ఒకరోజు దండను కాస్త ఎత్తుగా కట్టిస్తుంది, వారం తర్వాత కుర్రాడు వచ్చి నెమ్మదిగా కిందికి దించుతాడు. ఆ కథను పక్కన పెడుతూ ఒక న్యాయనిర్ణేత మార్జిన్‌లో రాసిన కారణం: "ఇందులో దోపిడీదారు ఎవరో తేలలేదు."